ఖడ్గమృగపు కొమ్ముతో చేసిన దుడ్డుకర్ర: అసలుదేనా, కొనవచ్చా, ఇంటికి తెచ్చుకోవచ్చా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. మీరు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నారు. అక్కడ ఒక పాత వస్తువుల సంతలో గుండ్రటి తల, సన్నటి కాడ ఉన్న ఒక చిన్న దుడ్డుకర్ర కనిపించింది. దాని రంగు తేనెలో నలుపు కలిసినట్లు ఉంది. దానికి కట్టిన చీటీ మీద “జులూ నాయకుడి గద, ఖడ్గమృగపు కొమ్ము, 1879 యుద్ధం నాటిది” అని రాసి ఉంది. అది నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి, కొనవచ్చా, కొంటే హైదరాబాదులోని ఇంటికి తెచ్చుకోవచ్చా అని అడిగారు.

చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. ఆ వస్తువు నిజంగా ఖడ్గమృగపు కొమ్మే అయితే దానిని భారతదేశానికి తీసుకురాకండి. పాతదైనా, బహుమతిగా వచ్చినా, ఇంటి సామానుతో కలిపి పంపినా సంగతి మారదు. కొనడం విషయానికొస్తే, 1947కు ముందే చెక్కినదని చూపే పాత కాగితం అమ్మకందారు దగ్గర లేకపోతే వదిలేయడమే మంచిది. అసలుదా కాదా అన్నది మాత్రం మీరు పంపిన రెండు ఫొటోలను బట్టి చెప్పలేను, ఎందుకంటే రెండూ పక్కనుంచి తీసినవే. తల పైభాగాన్ని నేరుగా చూపే ఫొటో ఒక్కటి ఉంటే సగం సందేహం అక్కడే తీరిపోయేది. ఆ ఒక్క ఫొటోకు అంత విలువ ఎందుకో కింద వివరిస్తాను.

నేను పదకొండేళ్ళు దక్షిణాఫ్రికాలో, ఎక్కువగా డర్బన్ ప్రాంతంలో, పాత వస్తువుల సంరక్షణ పని చేశాను. తోలు, కొమ్ము, దంతం, ఎముక, చెక్కలతో చేసిన వస్తువులను శుభ్రం చేయడం, పగుళ్ళు పెరగకుండా చూడడం, ఏది దేనితో చేసినదో రాసిపెట్టడం నా పని. ఆ పనిలో దుడ్డుకర్రలు కొన్ని వందలు నా చేతుల మీదుగా వెళ్ళాయి. వాటిలో ఖడ్గమృగపు కొమ్మువి నా రెండు చేతుల వేళ్ళకు మించవు. కాగా “ఖడ్గమృగపు కొమ్ము” అని చీటీ కట్టి వచ్చినవి అంతకు ఎన్నో రెట్లు.

ముందు పేర్ల సంగతి చూద్దాం. ఇంగ్లీషువాళ్ళు ఈ ఆయుధాన్ని నాబ్‌కెర్రీ అంటారు. అది ఆఫ్రికాన్స్ భాషలో బుడిపె అనే అర్థమున్న ‘క్నాప్’, దక్షిణాఫ్రికా ఆదివాసుల ఖోయ్ భాషలో కర్ర అనే అర్థమున్న ‘కిరి’ కలిసి ఏర్పడిన మాట. కాబట్టి తెలుగులో బుడిపెకర్ర అంటే దాదాపు మాటకు మాట సరిపోతుంది. దక్షిణాఫ్రికాలోని జులూ తెగవారి భాషలో దీనిని ఇవిసా అంటారు, జింబాబ్వేలోని షోనా భాషలో త్స్వింబో అంటారు. తూర్పు ఆఫ్రికాలో మసాయిలు పట్టుకునే రుంగు కూడా ఈ కుటుంబానిదే, అయితే దాని తీరు వేరు. గద అనే మాటను నేను వాడను. గద అనగానే మన కళ్ళ ముందు హనుమంతుడి భుజం మీది లోహపు గద మెదులుతుంది. ఇవిసా అరచేతిలో ఇమిడే తలతో, ఒంటిచేత్తో తిప్పడానికి, అవసరమైతే విసరడానికి చేసిన తేలికైన వస్తువు.

రోజువారీ ఇవిసా చెక్కతోనే చేస్తారు. పశువుల వెంట వెళ్ళేవాడు కుందేలు మీదికో పక్షి మీదికో విసిరేది అదే, పామును కొట్టేదీ అదే. జులూ కుర్రవాళ్ళ కర్రసాము ప్రసిద్ధమైనదే గాని, అందులో వాడేది బుడిపెకర్ర కాదు. కొట్టడానికి ఇందుకు అనే కర్ర, కాచుకోవడానికి ఉబోకో అనే పొడవాటి కర్ర, ఒక చిన్న డాలు వాడతారు. ఈ తేడా తెలియకనే చాలామంది అమ్మకందారులు ప్రతి బుడిపెకర్రకూ కర్రసాము కథ తగిలిస్తారు. కొమ్ముతో చేసినది ఈ నిత్యవ్యవహారానికి చెందదు. అది హోదా చూపించే వస్తువు. పెద్ద మనిషి, నాయకుడు, ఆయన దగ్గరివాళ్ళు చేత పట్టుకునేది, లేదా తెల్లవాళ్ళకు కానుకగా ఇచ్చేది, అమ్మేది. నేను చూసినవాటిలో దెబ్బలాటలో వాడిన గుర్తులున్నది ఒక్కటీ లేదు. అన్నిటి మీదా అరచేతి రాపిడితో వచ్చిన నునుపే ఉంది.

ఇక అసలు విషయమైన పదార్థానికి వద్దాం. ఇక్కడ కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే ఇది అర్థమైతే చీటీ మీద ఏముందో చూడవలసిన అవసరమే రాదు.

మన ఎద్దు కొమ్ము, గేదె కొమ్ము, ఆఫ్రికా దున్న కొమ్ము, కూడూ వంటి అక్కడి జింకల కొమ్ము, ఇవన్నీ ఒకే పద్ధతిలో పెరుగుతాయి. లోపల ఎముక ఉంటుంది, దాని మీద తొడుగులా కెరాటిన్ (మన గోళ్ళలో, వెంట్రుకల్లో ఉండే పదార్థమే) పొర ఉంటుంది. ఎముకను లాగేస్తే మిగిలేది బోలు తొడుగు. మన ఊళ్ళలో కొమ్ముబూర ఊదగలుగుతున్నామంటే అది బోలు కాబట్టే. కొన దగ్గర జానెడు లోపు మాత్రమే గట్టిగా నిండి ఉంటుంది. ఖడ్గమృగపు కొమ్ములో ఎముక లేదు. ముక్కు మీది చర్మం నుంచి పుట్టిన కెరాటిన్ పోగులు వేలకొద్దీ పక్కపక్కనే నిలబడి, మధ్యలో అదే పదార్థంతో అతుక్కుపోయి, మొదలు నుంచి కొన దాకా నిండుగా ఉంటాయి. ఒక్కో పోగు మందం అర మిల్లీమీటరు లోపే. అడుగున మాత్రం, చర్మానికి ఆనే చోట, పళ్ళెంలా కొద్దిపాటి గుంట ఉంటుంది.

దీని నుంచి రెండు సంగతులు తేలుతాయి. ఒకటి, అరవై సెంటీమీటర్ల పొడవున తలా కాడా కలిసి ఒకే ముక్కగా ఉన్న కొమ్ము దుడ్డుకర్రను ఎద్దు కొమ్ముతోనో దున్న కొమ్ముతోనో చేయడం సాధ్యం కాదు. అలా చేశామని చూపించేవాళ్ళు తలను ఒక ముక్కతో, కాడను రెండు మూడు ముక్కలతో చేసి, లోపల ఇనుప చువ్వ గుచ్చి కలుపుతారు. అందుచేత తల కాడను కలిసే చోట గోరు పెట్టి చుట్టూ జరపండి. అతుకు ఉంటే గోటికి తగులుతుంది. రెండోది, ఖడ్గమృగపు కొమ్మును నిలువుగా కోస్తే పోగులు గీతల్లా, అడ్డంగా కోస్తే చుక్కల్లా కనిపిస్తాయి. కొబ్బరి ఈనెల చీపురును తలుచుకోండి. పక్కనుంచి చూస్తే ఈనెలు వరుసగా ఉంటాయి. మొదలును నేలకు తట్టి సమం చేసి పైనుంచి చూస్తే చుక్కల గుంపు కనిపిస్తుంది.

దుడ్డుకర్ర చెక్కేవాడు కొమ్ము పొడవునే చెక్కుతాడు. వెడల్పుగా ఉన్న మొదలు వైపు నుంచి తల వస్తుంది, సన్నబడే కొన వైపు నుంచి కాడ వస్తుంది. అందుకని తల నడినెత్తిన పోగులు అడ్డంగా తెగి చుక్కలుగా కనిపించాలి. నడినెత్తి నుంచి పక్కలకు దిగుతున్న కొద్దీ ఆ చుక్కలు సాగి కోలగా మారాలి, తల నడుము దగ్గరికి వచ్చేసరికి గీతలైపోవాలి, ఆ గీతలు తెగకుండా కాడ చివరి దాకా సాగాలి. అతుకుల బొమ్మలో ఈ వరుస ఎక్కడో ఒకచోట తప్పుతుంది. మిమ్మల్ని తల పైభాగం ఫొటో అడిగింది ఇందుకే.

నేను మొదటిసారి నిజమైనదాన్ని చూసిన రోజు ఇంకా గుర్తుంది. పొడవు అరవై రెండు సెంటీమీటర్లు, తల నిమ్మకాయ కంటే పెద్దది, బత్తాయి కంటే చిన్నది. బల్ల మీద ఉన్నంతసేపు బూడిద నలుపులో నిర్జీవంగా కనిపించింది. కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి, కాడ సన్నగా ఉన్న చోట వెనక టార్చి పెడితే, అంచులు పాకం పట్టిన బెల్లం రంగులో వెలిగాయి, నడుమ మాత్రం ఒక నల్లటి చార కొన దాకా పోయింది. ఖడ్గమృగపు కొమ్ము నడిభాగంలో నలుపునిచ్చే మెలనిన్, గట్టిదనమిచ్చే కాల్షియం ఎక్కువగా చేరతాయి కాబట్టి అక్కడ గట్టిదనమూ నలుపూ ఎక్కువ. అంచులకు ఎండ తగిలి అరిగిపోవడం, నడుమ నిలబడడం వల్లనే బతికున్న జంతువు కొమ్ముకు ఆ మొన వస్తుంది. భూతద్దంతో నడినెత్తి చూస్తే, సూది మొనతో పొడిచినట్లు చుక్కలు, ఒక్కొక్క చుక్క నడుమ ఇంకా ముదురు బిందువు కనిపించాయి. కాడ కొద్దిగా, చాలా కొద్దిగా, వంగి ఉంది. చెక్కిన మనిషి కొమ్ములోని వంపును పూర్తిగా తీసేయలేదు. తీసేస్తే కాడ మరీ సన్నమవుతుందని అతనికి తెలుసు.

ఈ చివరి విషయం మీద ఇంకో మాట చెప్పాలి. ఇంత పొడవున నిండు ముక్క రావాలంటే కొమ్ము పొడవుగానే కాదు, వంపు తక్కువగా కూడా ఉండాలి. మన కజిరంగాలోని ఒంటికొమ్ము ఖడ్గమృగపు కొమ్ము చాలావరకు అడుగు లోపే ఉంటుంది కాబట్టి దానితో దుడ్డుకర్ర రాదు. ఆఫ్రికాలోని తెల్ల ఖడ్గమృగపు ముందు కొమ్ము ఒక మీటరు దాటి పెరగగలదు. పంతొమ్మిదో శతాబ్దపు వేటగాళ్ళు, కొమ్ము దాదాపు తిన్నగా ముందుకు వాలి ఉన్న తెల్ల ఖడ్గమృగాలను ‘కొబావొబా’ అంటూ వేరే జాతిగా లెక్కవేశారు. తర్వాత అవన్నీ ఒకే జాతి అని తేలింది. మంచి దుడ్డుకర్రకు కావలసినది సరిగ్గా అలాంటి కొమ్ము. ఆ శతాబ్దం ముగిసేసరికి దక్షిణాన తెల్ల ఖడ్గమృగాలు తుపాకులకు బలై, జులూలాండ్‌లోని ఉంఫొలోజి ప్రాంతంలో కొన్ని పదులు మాత్రమే మిగిలాయి. 1895లో అక్కడ రక్షిత ప్రాంతాన్ని ప్రకటించారు. ముడిసరుకే లేకుండా పోయింది కాబట్టి, నిజమైన కొమ్ము దుడ్డుకర్రలు చాలావరకు అంతకు ముందటివే అయి ఉండాలి. 1950, 60లలో “ఆఫ్రికా వెళ్ళినప్పుడు మార్కెట్లో కొన్నాం” అని ఎవరైనా చెబితే నాకు వెంటనే అనుమానం వస్తుంది.

అయితే ఆ అనుమానపు వస్తువులు దేనితో చేసి ఉంటాయి? నా అనుభవంలో మొదటి స్థానం చెక్కదే. డర్బన్‌లో ఒక తెలుగు కుటుంబం ఉండేది. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి వచ్చి డర్బన్‌లో ఆగిన తర్వాత, చెరకు తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ళ సంతతి వాళ్ళు. ఇంట్లో తెలుగు మాటలు నాలుగైదు మిగిలాయి గాని, పండుగ పద్ధతులు పోలేదు. ఆ ఇంటి పెద్దాయన తన తాతకు తోటలో తోటి పనివాడైన ఒక జులూ మనిషి ఇచ్చిన “కొమ్ము కర్ర” అంటూ గుడ్డలో చుట్టి తెచ్చారు. నల్లగా, బరువుగా, అద్దంలా మెరుస్తూ ఉంది. భూతద్దం పెట్టి చూస్తే తల మీద చుక్కలు లేవు, చెట్టు వయసు చెప్పే వలయాలు సన్నగా ఉన్నాయి. తరతరాలుగా బూటు పాలిష్ రాయడం వల్ల ఆ నలుపు వచ్చింది. లోపల ఉన్నది టంబోటి అనే అక్కడి చెట్టు చెక్క. ఆయన మొహం కాస్త చిన్నబోయింది గాని, నిజానికి అది కొమ్ముకర్ర కంటే ఆ ఇంటికి విలువైనదని నేను ఇప్పటికీ అనుకుంటాను. దానికి ఇచ్చిన మనిషి ఉన్నాడు, పుచ్చుకున్న మనిషి ఉన్నాడు, అది ఇంట్లో ఎలా నిలిచిందో చెప్పేవాళ్ళు ఉన్నారు.

బరువును బట్టి చెప్పగలమని చాలామంది అంటారు. చెప్పలేము. ఆ ప్రాంతపు లెడ్‌వుడ్ అనే చెట్టు చెక్క నీటిలో మునిగిపోయేంత బరువైనది, కొమ్మూ మునుగుతుంది. రెండిటి సాంద్రతా దగ్గరదగ్గరగానే ఉంటుంది. పైగా పరీక్ష కోసం కొమ్మును నీటిలో వేస్తే అది పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరాక చీలుతుంది. వేడి సూది పరీక్ష కూడా చేయకండి. కాల్చిన సూది గుచ్చితే వెంట్రుకలు కాలిన వాసన వస్తే అసలుదని చెబుతారు. గేదె కొమ్ము, గిట్ట, గోరు అన్నీ కెరాటినే కాబట్టి అన్నిటికీ అదే వాసన వస్తుంది. తేలేది ప్లాస్టిక్ కాదని మాత్రమే. నేను చూసిన ఒక మంచి కొమ్ముకర్ర మీద, చేతులు మారిన ప్రతిసారీ ఒకరు పొడిచినట్లు, కాడ చివర ఏడు సూది రంధ్రాలు ఉన్నాయి.

రెసిన్‌తో, అంటే పోశాక గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో, పోత పోసినవి ఇప్పుడు బాగా వస్తున్నాయి. అందులో నేనూ ఒకసారి మోసపోయాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఒక వ్యాపారి పంపిన ఫొటోలో నడినెత్తి చుక్కలు స్పష్టంగా ఉంటే, చూడకుండానే “కొమ్ములా ఉంది” అని జవాబిచ్చాను. వస్తువు చేతికి వచ్చాక తెలిసింది: నిజమైన కొమ్ము మీద అచ్చు తీసి పోసిన రెసిన్ అది. చుక్కలు పైపైనే ఉన్నాయి. తలకు ఒకవైపు గీసుకుపోయిన చోట గీత కింద ఏ పోగూ లేదు, సబ్బు గీసినట్లు నున్నగా ఉంది. టార్చి పెడితే లోపల ఒకచోట గాలిబుడగ కనిపించింది. అప్పటి నుంచి ఫొటో చూసి అసలుదని నేను ఎవరికీ రాయలేదు. నకిలీ అని మాత్రం ఫొటో చూసి చెప్పగలిగిన సందర్భాలు ఉన్నాయి.

నీటిగుర్రం తోలు ఇంకో చిక్కు. దక్షిణాఫ్రికాలో షాంబోక్ అనే కొరడాలను ఆ తోలుతోనో ఖడ్గమృగం తోలుతోనో చేసేవారు. మందపు తోలును పేలికలుగా కోసి, గుండ్రంగా దొర్లించి ఆరబెడితే, కాలం గడిచాక తేనె రంగులో కొమ్ములాగే వెలుగు పారిస్తుంది. చేతికర్రలూ అలాగే చేసేవారు. తేడా ఏమిటంటే, తోలులో తిన్నటి పోగులు ఉండవు, జనపనార నలిపి పెట్టినట్లు అల్లిబిల్లిగా ఉంటాయి. ఇక ‘దుప్పి కొమ్ము దుడ్డుకర్ర, మధ్య ఆఫ్రికా’ అని చీటీ కనిపిస్తే నవ్వి ముందుకు సాగండి. సహారాకు దక్షిణాన సహజంగా దుప్పులు లేనే లేవు.

పదార్థం ఏమిటో కచ్చితంగా తేల్చాలంటే ప్రయోగశాల తప్పదు. డీఎన్ఏతో జాతి తెలుస్తుంది. ప్రిటోరియా విశ్వవిద్యాలయపు పశువైద్య జన్యు ప్రయోగశాల ఖడ్గమృగాల డీఎన్ఏ వివరాలను భద్రపరుస్తుంది, వేట కేసుల్లో సాక్ష్యంగా వాడేది దానినే. వయసుకు రేడియో కార్బన్ పరీక్ష ఉంది. 1950ల నుంచి జరిగిన అణు పరీక్షల వల్ల గాలిలోని కార్బన్‌లో వచ్చిన మార్పు ఆ తర్వాత పెరిగిన కొమ్ములో చేరుతుంది కాబట్టి, కొమ్ము అంతకు ముందుదా తర్వాతదా అన్నది తేలుతుంది. కాని గుర్తుంచుకోండి, ఈ పరీక్ష చెప్పేది కొమ్ము పెరిగిన కాలాన్ని. దానిని చెక్కిన కాలాన్ని కాదు. పాత కొమ్మును నిన్న చెక్కినా ఫలితం పాతదనే వస్తుంది.

‘జులూ’, ‘1879’ అనే రెండు మాటల మీద కూడా నాకు పెద్దగా నమ్మకం లేదు. ఆ ఏడాది జనవరి 22న ఇసాండ్ల్వానాలో బ్రిటిష్ సైన్యం జులూల చేతిలో చిత్తుగా ఓడింది, జూలై 4న ఉలుండీలో గెలిచింది. ఆ యుద్ధం గురించి ఇంగ్లండులో చదవనివాళ్ళు లేరు, సైనికులు ఇంటికి తెచ్చుకున్న ఈటెలు, డాళ్ళు, కర్రలు నిజంగానే ఉన్నాయి. కాని అప్పటి నుంచి దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ప్రతి కర్రా జులూ కర్రే అయిపోయింది, ఎందుకంటే ఆ పేరుకు ధర ఎక్కువ పలుకుతుంది. స్వానా, సోతో, స్వాజీ, షోనా, త్సోంగా వాళ్ళందరూ బుడిపెకర్రలు చేశారు. జులూ పనిగా పేరుపడిన నగిషీ చేతికర్రల్లో కొన్నిటిని త్సోంగా పనివాళ్ళే, అదీ తెల్లవాళ్ళకు అమ్మడానికే, చెక్కారని పరిశోధకులు చూపించారు. కొమ్ముతో చేసినవాటి మీద నగిషీ దాదాపు ఉండదు కాబట్టి, రూపాన్ని చూసి తెగ పేరు చెప్పడం ఇంకా కష్టం. తెచ్చినవాడి ఉత్తరమో, రెజిమెంటు పేరున్న పాత జాబితానో, సిరాతో రాసిన పాత మ్యూజియం సంఖ్యో ఉంటే అది సాక్ష్యం. కంప్యూటర్లో కొట్టి, దారంతో కట్టిన చీటీ అమ్మకందారు ఆశ.

చట్టం సంగతి. సైటిస్ అంటే అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే ఒప్పందం. ఖడ్గమృగ జాతులన్నీ 1977లో దాని మొదటి అనుబంధంలో, అంటే కట్టడి అన్నిటికంటే ఎక్కువగా ఉన్న జాబితాలో, చేరాయి. తర్వాత కొన్ని ఆఫ్రికా దేశాల తెల్ల ఖడ్గమృగాలను రెండో అనుబంధానికి మార్చారు గాని, ఆ సడలింపు కొమ్ము వ్యాపారానికి వర్తించదు. బ్రిటన్‌లో 1947 మార్చి 3కు ముందే చెక్కి పూర్తిచేసిన పాత వస్తువులకు దేశం లోపల అమ్మకానికి మినహాయింపు ఉంది, అయితే ఆ తేదీకి ముందుదని చూపించవలసిన భారం అమ్మేవాడిది, కొనేటప్పుడు ఆ రుజువు మీ చేతికి రావాలి. దేశం దాటించాలంటే అనుమతి పత్రాలు కావాలి, అవి రావడం దాదాపు అసాధ్యం. ఇక మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, 2022 సవరణతో సైటిస్ నిబంధనలు కూడా ఆ చట్టంలోనే చేరాయి. విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారికి అది ఆఫ్రికాదో అస్సాందో, పాతదో కొత్తదో తేల్చే ఓపిక ఉండదు, ఉండనక్కరలేదు కూడా. 2021 సెప్టెంబరు 22న అస్సాం ప్రభుత్వం బొకాఖాట్‌లో 2,479 ఖడ్గమృగపు కొమ్ములను బహిరంగంగా తగలబెట్టింది. మన వ్యవస్థ ఈ వస్తువును ఎంత తీవ్రంగా చూస్తుందో దానిని బట్టే ఊహించుకోండి.

ఇంత కట్టడి ఎందుకని విసుక్కోకండి. దక్షిణాఫ్రికాలో వేటగాళ్ళు చంపిన ఖడ్గమృగాలు 2007లో 13 అయితే, 2014లో 1,215. నేను అక్కడ ఉన్న రోజుల్లోనే ఈ మార్పంతా జరిగింది. మందు పేరుతో కొమ్ముకు బంగారాన్ని మించిన ధర పలకడంతో మ్యూజియంలలో దొంగతనాలు మొదలయ్యాయి. ఐరోపాలో 2011లో చాలా సంస్థలు ప్రదర్శనలోని కొమ్ములను తీసి నకిలీలు పెట్టాయి. ఆ ఆగస్టులో ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియంలో దొంగతనానికి గురైన రెండు కొమ్ములూ అలా పెట్టిన నకిలీలే. మీరు చూసిన దుడ్డుకర్ర కూడా కొందరి దృష్టిలో చరిత్ర కాదు, పొడి కొట్టుకునే ముడిసరుకు. అసలుదైతే దాన్ని ఇంట్లో పెట్టుకోవడమే ఒక ప్రమాదం.

ఎవరైనా ఇప్పటికే వారసత్వంగా పొంది ఉంటే సంరక్షణ గురించి రెండు మాటలు. నూనె రాయకండి. కొబ్బరినూనె రాస్తే మెరుస్తుంది నిజమే, కాని ఆ జిడ్డుకు దుమ్ము పట్టి నడినెత్తి చుక్కలు పూడుకుపోతాయి, తర్వాత కంటితో చూసి తేల్చడం కష్టమవుతుంది. తోలును, ఉన్నిని తినే పురుగులే కొమ్మునూ తింటాయి కాబట్టి, కాడ మీద చిన్న గాడులు, కింద సన్నటి పొడి కనిపిస్తే వెంటనే వేరుచేసి, గాలి చొరని సంచిలో పెట్టండి. పాత సేకరణల నుంచి వచ్చిన వస్తువులకు ఒకప్పుడు పురుగు పట్టకుండా ఆర్సెనిక్, పాదరసం మందులు పూసేవారు. వాటిని చేతితొడుగులు లేకుండా పట్టుకోకండి, పిల్లలకు ఆడుకోవడానికి అసలే ఇవ్వకండి.

మీకు నిజంగా ఈ విద్య మీద ఆసక్తి ఉంటే, చెక్క దుడ్డుకర్రలు సేకరించమని నా సలహా. ఉంజింబీట్ అనే చెట్టు చెక్కలో నడుమ చాక్లెట్ రంగు, అంచున మీగడ రంగు ఉంటాయి. చెక్కిన మనిషి ఆ రెండు రంగుల సరిహద్దును తల మీద ఎక్కడ తేల్చాడో చూడడంలోనే అతని పనితనం తెలుస్తుంది. ఇత్తడి, రాగి తీగలను కాడ చుట్టూ చాప అల్లినట్లు అల్లినవి ఉంటాయి. తర్వాతి కాలంలో నగరాల్లో రాత్రి కాపలా ఉండేవాళ్ళు రంగురంగుల టెలిఫోన్ తీగతో అదే అల్లిక అల్లారు. అలాంటిది ఒకటి నా బల్ల మీద ఇప్పుడూ ఉంది, ఎరుపు, పసుపు, తెలుపు తీగలు, ఒకచోట తీగ చాలక నీలం కలిపాడు. కొనేముందు చెక్క ఏమిటో అడిగి, మొక్కల ఉత్పత్తుల నిబంధనలు చూసుకుంటే చాలు. దక్షిణాఫ్రికా 2000లో స్వీకరించిన రాజచిహ్నంలో ఈటె, బుడిపెకర్ర రెండూ ఉన్నాయి, శాంతికి గుర్తుగా నిలబెట్టకుండా పడుకోబెట్టి చిత్రించారు.

ఆ సంతకు మళ్ళీ వెళ్ళేటట్లయితే మూడు ఫొటోలు తీసి పంపండి: తల నడినెత్తి నేరుగా, తల కాడను కలిసే చోట దగ్గరగా, కాడ కొన వెనక ఫోను లైటు వెలిగించి ఒకటి. పక్కన ఒక నాణెం పెడితే కొలత తెలుస్తుంది. అమ్మకందారు భూతద్దం పెట్టనివ్వకపోతే ఫొటోలు కూడా అవసరం లేదు.